నా మొహం ఒక్కటే రాయలేదు

నూకప్పకి,

తమ్ముడు పైడిరాజు దణ్ణాలు పెట్టి రాస్తున్నాను. ఒంట్లో బాగుంది, వేళకి తింటున్నాను, పనికి పోతున్నాను. నువ్వూ అమ్మా బాగున్నారనే అనుకుంటున్నాను. అనుకోవడమే గాని తెలుసుకునే దారి నువ్వే మూసేశావు. అమ్మ మోకాళ్ళ వాపు తీసిందా? సీతాలత్త ఇంకా మన గుమ్మం ముందే చేపలు కడిగి, ఆ నీళ్ళు నువ్వు నడిచే దారిలోనే పారబోస్తోందా? పోస్తుంటే, పైడిగాడు వచ్చాక మాట్లాడతాడని చెప్పు.

ఈ ఉత్తరం ఫోన్లో టైపు చేస్తున్నాను. నీ ఫోన్లో ఉన్న ఆ ఆడగొంతు దీన్ని నీకు చదివి వినిపిస్తుంది. ఆవిడ నా తిట్లని కూడా వార్తలు చదివినట్టే చదువుతుంది. కోపం ఎక్కడెక్కడ కలుపుకోవాలో నీకు తెలుసు.

నువ్వు ఫోన్లో మాట్లాడి పంపిన ఆఖరి మాటని రోజూ పెట్టుకుని వింటున్నాను. "ఒరే పైడీ, మేక గురించి రాసినావు, బాగుంది. తాడుకి ఏలాడిన కారు గురించి రాసినావు, బాగుంది. ఇప్పుడేమో ఓడెక్కి వచ్చీమంటన్నావు. వచ్చి దిగినాక నా సెయ్యి పట్టుకునీవోడు ఎవుడో నాకేటి తెల్సు? నాకు తెల్సిన పైడిగాడికి పన్నెండేళ్ళు. ముక్కు కారతాది, నిక్కరు జారతాది. లోకంలో ఉన్నవన్నీ రాస్తన్నావు గదా, నీ మొకం రాసి పంపు. అప్పుడు ఎక్కుతాను. అంతవరకూ ఫోన్ సెయ్యకు."

ఆ తర్వాత ఎప్పుడు చేసినా అమ్మే ఎత్తుతోంది. "వల అల్లతంది, సెయ్యి కాళీ లేదంట" అంటుంది. చెయ్యి ఖాళీ లేకపోవడమేంటి అప్పా? వల అల్లుతూనే కదా నన్ను గంటలకొద్దీ తిట్టేదానివి! ఆ తిట్లు లేక నాకు ఇక్కడ పొద్దు పోవడం లేదు.

సరే, మొహం సంగతికి వస్తాను. పారిపోను. ముందు ఇక్కడి సంగతులు చెప్పనీ.

వానలు పట్టుకున్నాయి. ఈ అండమాన్ వాన మన వైజాగ్ వానలా వచ్చి, కురిసి, పోయేది కాదు. చుట్టం వచ్చినట్టు వచ్చి ఉండిపోతుంది. బట్టలు ఆరవు. గోడకి ఆనుకుంటే వీపు చెమ్మ. లంబాలైన్ పేటలో నా గది మీదుగానే విమానాలు దిగుతాయి, దిగినప్పుడల్లా చూరు కింద గిన్నెలు మాట్లాడుకుంటాయి. భయపడకు, గది గట్టిదే. ఇద్దరు ముగ్గురు సర్దుకోవచ్చు. అన్నం నేనే వండుకుంటున్నాను. చేపలకి లోటు లేదు గాని పులుసు నీ చేతిలా రావడం లేదు. కొత్త చింతపండు, కాసిని ఎండు నెత్తళ్ళు పంపు. పంపడం ఎందుకు, పట్టుకురా.

సాయంత్రం జెట్టీలో పని దిగాక నీళ్ళకి అవతల హోప్ టౌన్ దీపాలు వెలుగుతాయి. గొంతెత్తి పిలిస్తే ఎవరైనా పలుకుతారేమో అన్నంత దగ్గర. నాన్న వేటకెళ్ళి తిరిగి రానప్పుడు నువ్వు మన ఒడ్డున నిలబడి అలాగే పిలిచేదానివి కదా. నేను నీ కొంగు పట్టుకుని నిలబడేవాణ్ణి. అప్పుడు నీకు కళ్ళున్నాయి. ఆ తర్వాతి ఏడాదే కదా ఆ పాడు జ్వరం. ఆ దీపాలు చూసినప్పుడల్లా నాకు పలకని వైపే గుర్తొస్తుంది.

పని గురించి నీకు సగమే తెలుసు. నాయుడు భయ్యా దుకాణం డెలానీపూర్లో. వాళ్ళ తాతల నాడే మన వైపు నుంచి వచ్చి స్థిరపడ్డారు. చిన్న దీవులకి ఏ సామానైనా పడవెక్కించి పంపడం మా పని. ఏ సామానైనా అంటే ఏదైనా. మేకలు, మంచాలు, పెళ్ళి పందిళ్ళు, దుప్పటి కప్పిన అమ్మవారి విగ్రహం. నేను మోస్తాను, తాళ్ళు కడతాను, ఫోటోలు తీసి దుకాణం పేజీలో పెడతాను. పేజీ నడపడం నాకెవరూ నేర్పలేదు, నొక్కుతూ చెడగొట్టుకుంటూ నేర్చుకున్నాను. మా ఫోటోలు చూసి జనం పగలబడి నవ్వుతారు.

ఆ మేక ఫోటో మొదటిసారి నీకు పంపిన రోజు గుర్తుందా? నీ ఫోన్ ఏం చెప్పింది? "ఫోటోలో ఉండవచ్చు: నీళ్ళు, ఆకాశం, జంతువు." ఈ ఊళ్ళో ఎటు తిప్పి తీసినా నీళ్ళూ ఆకాశమే! నువ్వేమో, "ఏ జంతువురా, పులా?" అన్నావు. నవ్వాను గాని ఫోన్ని నేలకేసి కొట్టాలనిపించింది. లోకమంతా నవ్వుతున్న ఫోటో దగ్గర మా అప్ప ఒక్కతే గుమ్మం బయట నిలబడాలా?

వెతికాను. ప్రతి ఫోటోకీ లోపల ఒక చోటు ఉంటుంది, చూపు లేనివాళ్ళకి వినపడేలా రాయడానికే. ఎవడూ రాయడు. రాసేవాడు కూడా అందులో తన వ్యాపారం గొప్పలు కుక్కుతాడు. గుడ్డివాళ్ళకి ఫోటోలెందుకని! మన చిన్నాన్న అన్న మాటా అదే కదా: "దానికి అండమాన్ ఎందుకురా, ఏటి సూస్తాది?"

మొదట నేను రాసింది "అందమైన దృశ్యం, తమాషా అయిన మేక" అని. దానికి నువ్వు పెట్టిన చీవాట్లు తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తోంది. "అందమో కాదో నాను సెప్తాను, నువ్వు ఉన్నది సెప్పు. ముందు ఎవుడున్నాడు, ఏటి సేస్తన్నాడు. రంగు తర్వాత. ఇడ్డూరమేదైనా ఉంటే ఆకర్న పెట్టు. నువ్వు ముందే నవ్వీకు, నన్ను నవ్వనీ." అప్పుడు మళ్ళీ రాశాను: "చిన్న పడవ ముందు భాగంలో ఒక మేక నిలబడి ఉంది. వెనక నలుగురు మనుషులు కూర్చున్నారు. మేక నల్లది, గడ్డం తెల్లది. పడవలో లైఫ్ జాకెట్ వేసుకున్నది మేక ఒక్కటే." నువ్వు నవ్విన నవ్వుకి అవతల సీతాలత్త వచ్చి ఏమైందని అడిగింది. నా జీవితంలో నేను చేసిన మంచి పని అదొక్కటే అనిపించింది.

ఇక ఈమధ్య జరిగింది విను. హేవ్‌లాక్ దీవిలో ఎవరిదో హోటల్‌కి స్నానాల తొట్టి వెళ్ళాలి. జెట్టీ మీద పడవ కోసం చూస్తుంటే వాన. నాయుడు భయ్యా వెళ్ళి ఆ తొట్టిలో కూర్చుని గొడుగు వేసుకున్నాడు. నేను ఫోటో తీసి పెట్టాను. లోపల తెలుగులో నీకోసం ఇలా రాశాను: "నీళ్ళు లేని తొట్టిలో నాయుడు భయ్యా కూర్చున్నాడు. పొట్ట ముందు కూర్చుంది, ఆయన వెనక కూర్చున్నాడు. గొడుగు తలకి కాదు, పొట్టకి పట్టాడు. వెనక కూలీలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఆయనకి తెలీదు."

ఇక్కడ పుట్టిన మనవాళ్ళు ఇంట్లో తెలుగే మాట్లాడతారు గాని చదవడం రాదు, బడి అంతా హిందీలో. చదవలేరు కదా అనే ధైర్యంతో రాసేశాను. భయ్యా కూతురు గీతా దీదీకి చాన్నాళ్ళుగా ఒకటే ఆరాటం, వీడేంటి ఇంతింత రాస్తాడని. ఆ రోజు దుకాణం నిండా జనం ఉండగా ఫోన్లో చదివే గొంతు ఆన్ చేసింది. ఫుల్ సౌండు. నీ ఫోన్లో ఉన్న ఆవిడే అప్పా! "పొట్ట ముందు కూర్చుంది, ఆయన వెనక కూర్చున్నాడు" అని వార్తలు చదివినట్టు చదివేసింది.

టీ తెచ్చినవాడు గ్లాసులు పట్టుకుని అలాగే ఆగిపోయాడు. నా పని అయిపోయిందనుకున్నాను.

"ఫిర్ సే పెట్టమ్మా" అన్నాడు భయ్యా. మళ్ళీ చదివింది. ఆయన ఒకసారి కిందికి పొట్ట వైపు చూసుకున్నాడు.

"ఎవరి కోసం రే, ఇదంతా?"

"మా అప్ప కోసం భయ్యా. కళ్ళు కనపడవు."

ఫోన్ తీసుకుని ఆ ఫోటో మళ్ళీ చూశాడు. తర్వాత అన్నాడు: "ఠీక్ హై. పొట్ట రహనే దో, ఉండనీ. మజూర్లు నవ్వినారని ఉంది కదా, అది తీసీ."

"తియ్యను. వాళ్ళు ఫోటోలో ఉన్నారు."

"సాలా, జిద్దీ! మొండోడా!" అన్నాడు గాని, ఆయన పెదాలు కూడా అదురుతున్నాయి. ఒక్కసారిగా దుకాణమంతా నవ్వింది. అంతలో గీతా దీదీ అంది: "పైడీ, పేజీ మొత్తం చూశాను. పప్పా పొట్ట ఉంది, బక్రీ గడ్డం ఉంది. తుమ్హారా ఒక్క ఫోటో లేదేం? నీ గురించి ఏం రాస్తావు, బోలో?"

నువ్వు అడిగిందే. సముద్రానికి ఆ ఒడ్డున ఒకత్తె, ఈ ఒడ్డున ఒకత్తె. నాకు ఒళ్ళు మండింది. "నేను సామాను కాదు" అని బయటికొచ్చేశాను. ఆ తర్వాత నా గదిలో అద్దం పట్టుకుని కూర్చున్నాను. గడ్డం గీసుకునే అద్దం అది, మొహం ముక్కలు ముక్కలుగా పడుతుంది. ఏమీ రాయలేకపోయాను. పిచ్చి కోపంలో నా ఫోటో ఒకటి తీసి ఫోన్‌నే అడిగాను. "ఫోటోలో ఉండవచ్చు: ఒక వ్యక్తి" అంది. ఉండవచ్చు! ఉన్నానో లేనో దానికీ నమ్మకం లేదు.

భయ్యా మంచివాడే, చెడుగా అనుకోకు. ఇప్పుడు వాళ్ళమ్మగారు పొద్దున్నే ఫోన్ పెట్టించుకుని "పైడిగాడు ఇవాళేటి రాసేడు" అని అడుగుతున్నారట. చదవడం రాని మనవాళ్ళు చాలామంది అలాగే వింటున్నారు. కానీ వాళ్ళెవరూ నీలా తిట్టరు అప్పా. బాగుంది బాగుంది అంటారు. ఎక్కడ తప్పు రాశానో ఎవరూ చెప్పరు.

అందుకే రమ్మంటున్నాను, జాలితో కాదు. జంగ్లీఘాట్‌లో మన జాలర్లే ఉన్నారు, నీ చేతిపని చూస్తే వలలు వాళ్ళే తెచ్చి ఇస్తారు. అడిగాను కూడా. అమ్మని తీసుకురా. ఓడలో కక్కుకుంటానని భయపడుతోంది గాని నిమ్మకాయ ఒకటి ముక్కు దగ్గర పెట్టుకోమను. వల అల్లుకోవడానికి గీతా దీదీ నీకు చోటు చూపిస్తానంది, నువ్వు తనకి తెలుగు తిట్లు నేర్పాలట.

మొన్న మన వైజాగ్ నుంచి ఓడ వచ్చింది. సామాను దించుకోవడానికి వెళ్ళాను. పని అయ్యాక భయ్యా నాకు చెప్పకుండా ఒక ఫోటో తీశాడు. చూపిస్తే ఉలిక్కిపడ్డాను. ఎందుకని ఇన్నాళ్ళూ అద్దం ముందు చెయ్యి ఆడలేదో అప్పుడు అర్థమైంది. నువ్వూ వింటావు.

అమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టానని చెప్పు. చిన్నాన్నకీ దణ్ణాలు, ఆ మాట మాత్రం మర్చిపోలేదని చెప్పు. సీతాలత్తకి కూడా చెప్పు, ఏం చేస్తాం. నీ చెయ్యి నా నెత్తి మీద పెట్టి దీవించు. ఎంత దూరమైనా అది నాకు తగులుతుంది.

నీ తమ్ముడు,
పైడిరాజు

ఉత్తరంతో ఫోటో పెట్టాను. దాని లోపల రాసింది ఇది. తప్పుంటే తిట్టు:

"జెట్టీ మీద ఒకడు నిలబడి ఉన్నాడు. ఓడ వైపు చూస్తున్నాడు. నీకంటే జానెడు పొడుగు, చెయ్యెత్తితేనే నీకు తల అందుతుంది. మూటలు మోసి మోసి కుడి భుజం కాస్త దిగింది. మొహం నీకు తెలిసిందే. అది నాన్నది. అదే వెడల్పు నుదురు, అవే నిలబడ్డ చెవులు, నవ్వకపోయినా నవ్వినట్టుండే అదే పై పెదవి. కింది పెదవి మాత్రం నీది, తిట్టబోయే ముందు బిగిసేది. ఎడమ కనుబొమ్మ మధ్యలో వెంట్రుకలు లేని గీత ఉంది. పడవ అంచు తగిలి పగిలినప్పుడు నువ్వు పసుపు అద్దిన చోటు, వేలు పెడితే దొరుకుతుంది. ముక్కు కారడం లేదు. చొక్కా నీలం, వెలిసిపోయింది. చేతులు ఖాళీ. ఓడలో వచ్చినవాళ్ళందరూ దిగి వెళ్ళిపోయారు, మెట్లు తీసేస్తున్నారు. అతను ఇంకా ఆ మెట్ల వైపే చూస్తున్నాడు."