రివిట్లు వద్దన్నాను

ఏవండీ,

మీరు పోయి రేపటికి ఏడాది. ఇవాళ నరసాపురం రేవు నుంచి ఒకాయన మన షెడ్డుకొచ్చి, చిన్న ఇనప పడవ కావాలన్నాడు.

"వెల్డింగైతే వారంలో ఇచ్చేస్తామండి" అన్నాడు మనబ్బాయి.

"వద్దండి. మా నాన్న పడవలాగే రేకులు కలిపి రివిట్లు కొట్టివ్వండి. అది మీ నాన్నగారు చేసిందే" అన్నాడాయన.

సరే, రిపేరుకొచ్చిన పాత పడవకి ఒకటి కొట్టి చూద్దామన్నాను. ఎప్పటిలాగే నేను లోపలికి దూరి, రివిట్ తలకి ఇనప దిమ్మ ఆనించి, సిద్ధమని రెండుసార్లు తట్టాను. విన్నానని చెప్పడానికి మీరైతే బయటినుంచి ఒకసారి తట్టి, ఆ తర్వాతే సుత్తి ఎత్తేవారు. వీడు నేరుగా కొట్టేశాడు. వాడి తప్పేం లేదు, ఈ సంగతి వాడికి తెలీదు. నాకూ చెప్పాలనిపించలేదు.

బయటికొచ్చి, "వెల్డింగే చేయించుకోండి బాబూ. రివిట్లు కొన్నాళ్లకి వదులై నీళ్లు ఊరతాయి" అన్నాను.

ముప్ఫయ్యేళ్లూ ఆ మాట ఎవరన్నా మీరు పోట్లాటకి దిగేవారు. అనేసి గుమ్మం వైపు చూశాను.

ఎవరూ కాదనలేదు.