తిట్టాలన్నా గొంతుతోనే

చెల్లెమ్మకు,

గ్రూపు వదిలేశావు, ఫోనూ ఎత్తడం లేదు. అందుకే ఈ ఉత్తరం.

మన కుటుంబం గ్రూపులో తమ్ముడూ, మా అల్లుడూ ఎన్నికల గురించి "మూర్ఖుడు", "అమ్ముడుపోయినవాడు" అని రాసుకున్నారు కదా. ఆ గొడవతో మా అమ్మాయి పుట్టింటికి రావడమే మానేసింది. నాకు వాదించడం చేతకాదు. ఒక్క షరతు పెట్టాను. రాజకీయాలు రాయకూడదు, తిట్టాలన్నా సొంత గొంతుతో రికార్డు చేసి పంపాలి.

కొన్నాళ్ళు అందరూ శుభోదయాలే పంపుకున్నారు. నిన్న అల్లుడు మొదలుపెట్టాడు.

"చిన్నమామయ్యా, మీ పార్టీవాళ్ళు ఒట్టి... ఇంతకీ మీ దగ్గు తగ్గిందా?"

"దగ్గు తగ్గింది అల్లుడూ. మీ నాయకుడి అబద్ధాలే తగ్గలేదు!" అన్నాడు తమ్ముడు.

నోరారా మామయ్యా అని పిలిచాక మూర్ఖుడా అనబుద్ధి కాలేదట అల్లుడికి. సాయంత్రం దాకా వాదించుకున్నారు. ఎవరి పార్టీ వాళ్ళదే, కానీ ఒక్క పాడుమాట దొర్లలేదు. ఆదివారం వస్తానని అమ్మాయి కబురు చేసింది.

గెలిచాం చెల్లెమ్మా! ఆ ఉత్సాహంలో నేనెవరికి ఓటేశానో నేనూ రికార్డు చేసి పంపాను. ఇప్పుడు వాళ్ళిద్దరూ ఒక్కటై నా మీద పడ్డారు. నా వైపు మాట్లాడే దిక్కు లేదు. నువ్వు వెంటనే గ్రూపులోకి రా.

నీ పెద్దన్నయ్య