పాత కంప్యూటర్‌కు ట్రాక్టర్ మెకానిక్

తిరువూరు,
జూన్ 9

గౌరవనీయులైన కరస్పాండెంట్ సీతారామారావు గారికి,

మన డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే మేఘన నమస్కారాలు. పాత సామాన్ల వ్యాను 21న వస్తోందనీ, ల్యాబ్‌లోని విండోస్ 98 కంప్యూటర్‌ను కూడా అందులో వేస్తారనీ ఆఫీసులో చెప్పారు. వ్యాను వెళ్లిపోయాక రాసి ప్రయోజనం లేదు కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను. ఏ విషయమైనా కాగితం మీద పెడితేనే మీరు చూస్తారని అందరూ అంటారు.

నేను ఈ కాలేజీలోనే చదివాను. కొత్త కంప్యూటర్ల దగ్గర చోటు దొరక్క దీని ముందు కూర్చున్నాను. తర్వాత చోటు దొరికినా లేవలేదు. కొత్తవి ఎప్పుడూ ఏదో ఒకటి అడుగుతుంటాయి: పాస్‌వర్డు, అప్‌డేట్, నెట్. ఇది ఏమీ అడగదు. చెప్పిన పని చేసి, ఇంకో పని చెప్పేదాకా ఊరుకుంటుంది. మూత తీస్తే ఏది దేనికి తగిలించారో కంటికి కనిపిస్తుంది. చెడితే మనమే బాగుచేసుకోవచ్చు. మొదటిసారి వచ్చిన ఆడపిల్లలు కూడా దీని ముందు భయం లేకుండా కూర్చుంటారు.

కిటికీ పక్కన ఒక బల్ల ఇప్పిస్తే చాలు.

విధేయురాలు,
మేఘన

తా.క.: వాన పడ్డ రోజున స్టార్టవడానికి కాస్త ఆలస్యం చేస్తుంది. దాన్ని నేరంగా చూడొద్దు. ఆలోగా నేను హాజరు వేసేసుకుంటాను.

---

తిరువూరు,
జూన్ 11

కుమారి మేఘనకు,

మీ ఉత్తరం చదివాను. అందులో అసలు విషయం తా.క.లో ఉంది. స్టార్టింగ్ ట్రబుల్. యంత్రం ఏదైనా యంత్రమే. నలభై ఏళ్లుగా ట్రాక్టర్లు చూస్తున్నాను, నాకు తెలియనిది కాదు. మా మెకానిక్ బాలశౌరిని పంపుతున్నాను. బాగుచేయించండి. నడుస్తున్న సరుకుకు పాత సామాన్లవాడు మంచి ధర ఇస్తాడు. కమిటీ నిర్ణయంలో మార్పు లేదు. కాలం ముందుకు పోతుంటే మనం వెనక్కి తిరిగి కూర్చోకూడదు.

ఇట్లు,
సీతారామారావు

తా.క.: బాలశౌరి మా పాత ట్రాక్టర్ మీద వస్తాడు. దాన్ని ఏటవాలుగా ఉన్నచోట ఆపనివ్వండి. చదునులో ఆపితే మళ్లీ స్టార్టవదు. అది దాని అలవాటు.

---

తిరువూరు,
జూన్ 16

గౌరవనీయులైన కరస్పాండెంట్ గారికి,

మీ సాయానికి కృతజ్ఞతలు. బాలశౌరి గారు గ్రీజు గన్నుతో వచ్చారు. మౌస్ దాకా వచ్చాక ఆపగలిగాను. మూత తీస్తే ఫ్యాను నిండా దుమ్ము, ఒక మూల బల్లి గుడ్లు ఉన్నాయి. శుభ్రం చేశాం. ఇప్పుడు వానలోనూ వెంటనే లేస్తోంది.

"ఏంటమ్మా, దీని నట్లు విప్పితే లోపలిదంతా కనిపిస్తోందే. నా ఫోను బ్యాటరీ మార్చమంటే కొత్త ఫోను కొనుక్కోమన్నాడు ఆ షాపువాడు," అన్నారాయన. శనివారం క్లాసులయ్యాక మళ్లీ వచ్చి, ఆ షాపు నడిపే అఖిల్ గారిని కూడా తీసుకొచ్చారు. అఖిల్ గారు పాత ఫ్లాపీలు తెచ్చారు. రోజంతా ఎవరూ విప్పనివ్వని వస్తువులతో వేగేవాడికి ఇది సెలవులాంటిదని ఆయన మాట. నాకు చెప్పడం రానిది ఆయన చెప్పారు.

బల్ల విషయం మరోసారి ఆలోచించండి.

విధేయురాలు,
మేఘన

తా.క.: బాలశౌరి గారికి మౌస్ మీద చెయ్యి కుదరాలని అందులో ఉన్న పేకాట నేర్పాను. శనివారం పొద్దుపోయేదాకా ఆడారు, అన్నీ ఓడిపోయారు.

---

తిరువూరు,
జూన్ 18

మేఘనకు,

కాలేజీలో పేకాటా? ఇద్దరు మగవాళ్లను పోగేసి, అదీ శనివారం పూట? మా మందు కొట్టే మిషను విప్పి పడేసి బాలశౌరి ఎక్కడికి పోతున్నాడో ఇప్పుడు తెలిసింది. మా తోటలో పనిచేసే మీ నాన్న మరియదాసును అడిగితే తలెత్తలేదు. శనివారం వ్యాను వచ్చేలోగా నేనే వస్తాను. పేకలు ఎవరు తెచ్చారో, పంచింది ఎవరో అప్పుడు చెప్పాలి.

సీతారామారావు

తా.క.: మా గ్రీజు గన్ను కనబడటం లేదు. బాలశౌరి దాన్నే పందెం పెట్టాడా?

---

తిరువూరు,
జూన్ 19

గౌరవనీయులైన కరస్పాండెంట్ గారికి,

గ్రీజు గన్నును ఎవరూ పందెం పెట్టలేదు. నేనే లాక్కుని ల్యాబ్ బీరువాలో పెట్టాను. ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఆ ఆటకు పేకలుండవు, పందెముండదు, అవతలివాడూ ఉండడు. మనిషి తనతో తానే ఆడుకుని తానే ఓడిపోతాడు.

మా నాన్న రెండు రోజులుగా సరిగ్గా తినడం లేదు. "అయ్యగారికి ఎదురు రాయకే తల్లీ," అంటున్నాడు. నాకంటే ముందు మా ఇంట్లో ఎవరూ మీకు ఎదురు రాయలేదు. ధైర్యం లేక కాదు, రాయడం రాక. నాకు వచ్చు. అది నేర్చుకున్నది మీ కాలేజీలోనే, టైపు నేర్చుకున్నది ఆ కంప్యూటర్ మీదే. అందుకే మళ్లీ అడుగుతున్నాను. శనివారం మీరు ఒక్కసారి దాని ముందు కూర్చోండి. కూర్చున్నాక కూడా వ్యాను ఎక్కించమంటే నేనే మోసుకెళ్లి ఎక్కిస్తాను.

విధేయురాలు,
మేఘన

తా.క.: మీరు పాత ట్రాక్టర్ మీద వస్తే గేటు పక్క ఏటవాలు ఖాళీగా ఉంచుతాను. చక్రం కింద పెట్టడానికి రాయి కూడా చూశాను.

---

తిరువూరు,
జూన్ 23

అమ్మాయీ మేఘనా,

వ్యాను ఆ కంప్యూటర్ లేకుండానే పోయిన సంగతి నీకు తెలిసిందే. కిటికీ పక్కన బల్ల వేయమని ఆఫీసులో చెప్పాను. తలెత్తుకుని తిరగమని మరియదాసుకు నేనే చెప్పాను. ఇస్పేటు ఎనిమిది మీద డైమను ఏడు పెట్టొచ్చని నువ్వు కాస్త ముందుగా చెప్పి ఉంటే ఆ ఆఖరి ఆట నాదే.

ఇప్పుడు నా అవసరం విను. మా నవదీప్ పాత ట్రాక్టర్‌ను అమ్మేస్తానంటున్నాడు. నాకు నోటితో వాదించడం చేతకాదు. అందుకని నీ మొదటి ఉత్తరంలో కంప్యూటర్ అన్నచోటల్లా ట్రాక్టర్ అని మార్చి, నా సంతకం పెట్టి వాడికిచ్చాను. వాడూ నా కొడుకే కదా, కాగితం మీదే జవాబిచ్చాడు. "నాన్నా, ఏ ట్రాక్టర్ పాస్‌వర్డు అడిగింది? దాని ముందు ఆడపిల్లలు కూర్చోవడం ఏంటి? ముందు కూర్చుంటే తొక్కేయదూ?" అని రాశాడు.

దీనికి జవాబు నువ్వయితే రాయగలవు. కొనేవాడు 28న వస్తాడు.

మీ
సీతారామారావు

తా.క.: ఆ ఏటవాలు సంగతి మాత్రం రాయకు, వాడికి ఆయుధం ఇచ్చినట్టవుతుంది. శుక్రవారం, 27వ తేదీ లోగా నీ జవాబు నాకు చేరాలి.