కాళ్ళకు అందిన కబురు

చిన్నమ్మాయికి అమ్మ దీవెనలు.

ఇక్కడ నేనూ నాన్నా ఉన్నంతలో బాగానే ఉన్నాం. మీ ఇంట్లో అందరూ కులాసాగా ఉన్నారనుకుంటాను. పాపకు దగ్గు తగ్గిందని రాశావు, మనసు కుదుటపడింది.

తల తిరిగి పడ్డాక నాన్నకు చూపు నిజంగానే పోయిందా, లేక బాబాయి అన్నట్టు తన వడ్రంగి షెడ్డులో పని తప్పించుకోవడానికి నటిస్తున్నారా అని అడిగావు. నాకూ ఆ అనుమానం పట్టుకుంది. అందుకే మొన్న ఆయన పెరట్లోకి వెళ్ళే దారిలో చప్పుడు కాకుండా స్టూలు పెట్టాను. ఆయన గోడ తడుముకుంటూ వచ్చి, స్టూలు దగ్గర పక్కకు ఒదిగి, దాటి వెళ్ళిపోయారు.

"ఇన్నాళ్ళూ నాటకమా?" అని అరిచాను.

"ఏం నాటకం?"

"మరి స్టూలెలా తప్పించుకున్నారు?"

"ఏ స్టూలే?" అంటూ వెనక్కి తిరిగి, దాన్ని వెతకబోయి, తన్నుకుని పడ్డారు.

మర్నాడు ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ పెన్ను ఎత్తి ఎక్కడుందో చూపించమంది. కనబడదన్నారు. ఊరికే ఊహించమంటే ప్రతిసారీ సరిగ్గా అటే వేలు పెట్టారు.

"ఈయన అబద్ధమాడడం లేదమ్మా," అంది డాక్టరమ్మ. "కళ్ళు బాగానే ఉన్నాయి. చూస్తున్నానని మనిషికి తెలియజేసే చోటు మెదడులో దెబ్బతింది. ఇంకో సన్నదారి మిగిలింది. దాని వెంట కాళ్ళకూ చేతులకూ కబురు వెళ్తుంది, ఈయనకే వెళ్ళదు."

"అయితే మా తమ్ముడికి చెప్పండి, కూలి నా కాళ్ళకే ఇస్తాడు," అన్నారు మీ నాన్న.

బాబాయికి ఇదంతా నువ్వే చెప్పు. నా మాట నమ్మడు.

ఇంకొకటి ఉంది. స్టూలు తన్నుకుని పడి లేచాక, అదీ నటనే అనుకుని ఆయన చెంప మీద కొట్టబోయాను. చెయ్యి తగలకముందే తల వెనక్కి తీసుకున్నారు. దొరికిపోయారనుకున్నాను. ముఖం చూస్తే కోపం లేదు, బెదురు లేదు. "ఏమే, మాట్లాడవేం?" అన్నారు. నేను చెయ్యెత్తిన సంగతే ఆయనకు తెలియదు. నేనూ చెప్పలేదు.

అప్పటినుంచి ముఖం తుడుద్దామని దగ్గరకు వెళ్తే ఆయన తల దానంతటదే వెనక్కి పోతోంది.

"ఇదేంటే, నా మెడ నా మాట వినడం లేదు," అని నవ్వుతున్నారు.

నేనూ నవ్వుతున్నాను.

ఇట్లు,
మీ అమ్మ