మూడు రోజులూ, మీద మూడో వంతూ

పార్కు ఆఫీసు,
మార్చి 2

సువైలిం తాతకి,

నీ మనవరాలు తుర్ఫా సలాములతో రాస్తున్న ఉత్తరం. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ, మేకలూ, మన షహ్బా ఒంటే కులాసాగా ఉన్నారని తలుస్తాను. దీన్ని నీళ్ల ట్యాంకరు ఔదా బాబాయి చదివి వినిపిస్తాడు. మధ్యలో సొంత మాటలు కలిపితే నమ్మకు.

రేపు మన లోయలో నడక దారి తెరుస్తున్నారు. ఇరుకు గుమ్మం అనే చోట మొదలై, ఎర్ర ఇసుకరాళ్ల సందుల్లోంచి, నీ గుడారానికి దూరంగా సాగి, ఒంటె మోకాలు అనే రాయి దగ్గర తేలుతుంది. నాలుగు గంటల నడక. దారి పొడుగునా గుర్తుగా రాళ్ల గుట్టలు నేనే పేర్చాను. బోర్డు కూడా నేనే రాశాను. నీళ్లు, టోపీ, పాములు, వరద, అన్నీ రాశాను.

తాతా, ఒక్క సంగతి చెవిలో వేసుకో. పార్కులో ఎవరూ కాపురం ఉండకూడదని రూలు. రాజధానిలో హిక్మత్ గారనే పెద్ద అధికారి ఉన్నారు. ఆయన చుట్టూ ఏడాది తిరిగితే, "దారి సవ్యంగా నడిచినన్నాళ్లూ మీ ముసలాయన లోయలో ఉండొచ్చు" అని ఒప్పుకున్నారు. పొద్దున వచ్చినవాళ్లు చీకటి పడేలోగా అవతలి చివర పుస్తకంలో సంతకం పెట్టాలి. పెట్టలేదంటే తప్పిపోయినట్టే. మనిషి తప్పిపోతే దారి మూసేస్తారు. దారి మూస్తే నిన్ను హైవే పక్కన సిమెంటు ఇళ్లలోకి మారుస్తారు. కాబట్టి ఎవరైనా దాహమంటే నీళ్లివ్వు. అంతే.

నీ తుర్ఫా

తా.క. ఆ గుట్టల జోలికి పోకు.

---

లోయ నుంచి,
మార్చి 6

మా ఇంట్లో మొదటిసారి అక్షరం నేర్చిన తుర్ఫా తల్లికి,

తాత దీవెనలు. ఔదా నీ ఉత్తరం చదివాడు కానీ, వాడికి తొందరెక్కువ, సగం మింగేశాడు. ఇది రాస్తున్నది నా అతిథి టోమష్. పోలండ్ అనే ఊరివాడు. మన భాష పుస్తకాల్లో నేర్చుకున్నాడట, మాట్లాడితే మసీదులో ప్రసంగంలా ఉంటుంది.

నీ గుట్టలు బాగున్నాయి గానీ, తప్పు చోట పెట్టావు తల్లీ. వాటిని పట్టుకుని పోతే మనిషి నా గుడారం కనపడకుండానే వెళ్లిపోతాడు! ఎదురుగా పొయ్యి మండుతుంటే అతిథి పక్కనుంచి పోతే నా పరువేం కావాలి? అందుకని గుట్టలన్నీ నా గుమ్మానికి మళ్లించాను. నడుం పట్టేసింది.

ఈ టోమష్‌కి ఎంత దాహమో చెప్పలేను. కాఫీ తాగేసి ఖాళీ ఫింజాన్ కప్పు నా ముందు చాపుతాడు, ఊపడు. చాలనుకున్నవాడు ఊపుతాడు కదా? ఊపనివాడికి పోయాలి కదా? పోస్తూనే ఉన్నాను. యాలకులు అయిపోయాయి. చివరికి మొన్న నిండు ఫింజాన్ తాగకుండా కింద పెట్టాడు. అమ్మయ్య, అలా పెట్టాడంటే వీడికేదో అడగాలని ఉందనుకున్నాను. "తాగు నాయనా, నీ పని అయిపోయినట్టే" అన్నాను. వెళ్లిపోతానన్నాడు. మాటిచ్చాక కాదనలేను కదా, పంపాను. గంట తిరక్కుండా గుట్టలు పట్టుకుని మళ్లీ నా గుమ్మంలోనే తేలాడు! మళ్లీ వచ్చినవాడు కొత్త అతిథే. అతిథి గడువు మూడు రోజులూ, మీద రోజులో మూడో వంతూ మళ్లీ మొదటి నుంచి లెక్క. అంతవరకు ఎందుకొచ్చావని అడగకూడదు. ఓపిక పడుతున్నాను.

నీ తాత సువైలిం

తా.క. (లేఖకుని హస్తము) మహాశయురాలా! నేను నాలుగు గంటల నడకకై వచ్చి నాలుగవ దినమున ఉన్నాను. ఇప్పటికి అరువది మూడు ఫింజానులు సేవించితిని. నా హృదయము మద్దెల వలె మ్రోగుచున్నది. గడువునకు ముందు వీడ్కొనుట ఆతిథేయునకు అవమానమని నా పాఠ్యగ్రంథమున గలదు. ఈ కాఫీని ఆపు ఉపాయము మాత్రము అందు లేదు.

---

పార్కు ఆఫీసు,
మార్చి 9

తాతకి,

సలాములు. క్షేమ సమాచారాలు రాసే ఓపిక లేదు.

టోమష్ పుస్తకంలో సంతకం పెట్టలేదు కాబట్టి ఇక్కడ అతను తప్పిపోయిన మనిషి. నీ గుడారంలో ఉన్నాడని మా డైరెక్టరుకి నీ ఉత్తరం చూపించాను. ఆయన చదివి, తల పట్టుకుని, "కాఫీ తాగుతూ తప్పిపోయాడని రాజధానికి రాయమంటావా అమ్మాయ్?" అన్నారు. నేనే వెళ్లి తీసుకొస్తానన్నాను. "నీ బంధువు కదా, నువ్వు వెళ్లకూడదు, రూలు" అన్నారు.

దారి పరీక్షించడానికి రాజధాని నుంచి ఒకరు వస్తారట. ఎవరో, ఎప్పుడో చెప్పరు. మామూలు నడిచేవాడిలా వచ్చి చూసి పోతారు. తాతా, నీ కాళ్లు పట్టుకుంటాను. ఇకమీదట ఎవరొచ్చినా కూర్చోమనకు. కాఫీ పోయకు. వెంటనే దారి చూపించి పంపించెయ్. టోమష్‌ని ఈరోజే పంపించు.

గుట్టలు ఎక్కడివక్కడ పెట్టు.

తుర్ఫా

తా.క. టోమష్ గారూ, ఫింజాన్‌ని వేళ్లతో అటూ ఇటూ రెండుసార్లు ఊపండి. అంతే. ఇది తెలియనివాళ్లు ఉంటారని నాకు తట్టలేదు, క్షమించండి.

---

లోయ నుంచి,
మార్చి 13

తుర్ఫా తల్లికి,

తాత దీవెనలు. నువ్వు చెప్పినట్టే చేశాను. అక్షరం పొల్లుపోలేదు. విను.

మూడు రోజులూ, మూడో వంతూ అయ్యాక టోమష్‌ని అడిగాను, ఏం పని మీద వచ్చావని. "ఏ పనీ లేదు, నడవడానికే" అన్నాడు. మేకలు పోయాయా? లేదు. ఒంటె? లేదు. పెళ్లి సంబంధమా? కాదు. నీళ్లు వెతుకుతున్నావా? సంచిలోనే ఉన్నాయి. తల్లీ, అరవై ఏళ్లుగా ఈ లోయలో ఉన్నాను. తోడు లేకుండా, పశువు లేకుండా, పని లేకుండా ఈ రాళ్లలో పడి నడిచేవాడు ఒక్కడే ఉంటాడు. వెనక ఎవరో తరుముతున్నవాడు. హత్య ఏదో జరిగి ఉంటుంది, వాళ్ల ఊళ్లో. పాపం, చెప్పుకోలేకపోతున్నాడు. నా గుడారం కింద ఉన్నంతకాలం నీ వెంట్రుక కూడా కదలదు అని మాటిచ్చాను.

మాటిచ్చి రెండు రోజులైనా కాలేదు, వచ్చాడు పగవాడు! లావుపాటి మనిషి, ఆకుపచ్చ టోపీ, చేతిలో పుస్తకం. చెమటలు కక్కుతూ, "ఇక్కడ ఒక విదేశీయుడు ఉన్నాడా? అతని కోసమే వచ్చాను" అని నా మొహం మీదే అడిగాడు. ఎంత ధైర్యం! టోమష్‌ని అప్పటికే గుహలోకి తోసేశాను. "ఎవరూ లేరు" అన్నాను. ఆయన నా కాఫీ కూజా వంక చూశాడు. చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాను. నువ్వు వద్దన్నావుగా, కూర్చోమనలేదు. పోయలేదు. వెంటనే దారి చూపించాను. ఏ దారనుకున్నావు? గుడ్డి చీలిక! అటు పోతే గోడే. హాయిగా అరుచుకోమను.

చెప్పద్దూ, మనసు బాగాలేదు. నా గుమ్మంలోంచి మనిషి గొంతు తడవకుండా పోవడం ఇదే మొదటిసారి. నీ కోసం చేశాను.

నీ తాత సువైలిం

తా.క. (లేఖకుని హస్తము) మహాశయురాలా! ఫింజానును ఊపితిని. ఆగినది! మీ ఋణము తీర్చుకొనలేను. ఐతే ఆ స్థూలకాయుని ఉరమున పార్కువారి బిళ్ల గలదని ఆయన మరలిన పిమ్మట గుహలోనుండి నేను కేకలు వేసితిని. మీ తాతగారు "భయపడకు నాయనా, వెళ్లిపోయాడు" అని నన్నోదార్చిరి.

---

పార్కు ఆఫీసు,
మార్చి 18

తాతా,

ఆయన హిక్మత్ గారు.

మర్నాడు మధ్యాహ్నం గుడ్డి చీలికలోంచి బయటపడ్డారు. పెదాలు పగిలిపోయాయి, టోపీ లేదు. నా వంక ఒకసారి చూశారు. తిట్టినా బాగుండేది. కూర్చుని రిపోర్టు రాసేశారు. గుర్తులు తప్పుదోవ పట్టిస్తున్నాయి. విదేశీయుడి ఆచూకీ లేదు. లోయలో ఉన్న మనిషి అబద్ధమాడాడు, మంచినీళ్లయినా ఇవ్వలేదు. దారి మూసివేయాలి.

మంచినీళ్లయినా ఇవ్వలేదు. నీ గురించి తాతా! ఆ వాక్యాన్ని శుభ్రమైన కాగితం మీద తిరగరాయమని నాకే ఇచ్చారు. ఆఫీసులో నా దస్తూరీ బాగుంటుందట. రాశాను.

నిన్ను ఖాళీ చేయించే కాగితం కూడా నేనే రాశాను. మార్చి 31న మధ్యాహ్నం మూడు గంటల్లోపు దాని మీద హిక్మత్ గారు తన ఆఫీసులో సంతకం చేస్తారు. ఆ గడువు దాటితే కాగితం చెల్లదు, విచారణ మళ్లీ మొదటి నుంచి జరగాలి. కానీ ఆయన ఇరవై రెండేళ్లలో ఒక్కరోజు సెలవు పెట్టని మనిషి. ఆశ పెట్టుకోకు. మూటలు కట్టుకో. షహ్బాని సిమెంటు ఇళ్ల దగ్గర కట్టేయనివ్వరు, ఔదా బాబాయికి ఇచ్చెయ్.

నిన్న హైవే పక్కకి వెళ్లి నీకిచ్చే గది చూసొచ్చాను. కిటికీలోంచి ఎదురింటి గోడ కనపడుతుంది. పొయ్యి పెట్టుకోకూడదట, పొగ.

నేను బడికి పోకుండా నీ వెనకాల మేకలు కాసుకుని ఉంటే, ఈ దారీ ఉండేది కాదు, బోర్డూ ఉండేది కాదు, నువ్వు లోయలోనే ఉండేవాడివి. పాముల గురించి రాశాను. ఫింజాన్ గురించి రాయలేదు. మన ఇంటికొచ్చేవాళ్లకి మన సంగతి చెప్పాలని నాకెందుకు తోచలేదో తెలియదు. బడిలో నేర్చిందంతా రాశాను. నీ దగ్గర నేర్చింది ఒక్కటీ రాయలేదు.

తుర్ఫా

తా.క. ఇవాళ ఆ సంగతి కూడా బోర్డు మీద రాసి వచ్చాను. రేపు బోర్డు పీకేస్తున్నారు.

---

లోయ నుంచి,
మార్చి 30

తుర్ఫా తల్లికి,

తాత దీవెనలు. దస్తూరీ మారిందేమని కంగారుపడకు. టోమష్ వెళ్లిపోయాడు. నిన్న ఒంటె మోకాలు దగ్గరికి నడుచుకుంటూ చేరాడట. పుస్తకం ఎత్తేశారు కాబట్టి ఇసుకలో వేలితో సంతకం పెట్టి పోయాడట. నాలుగు గంటల దారికి ఇరవై ఏడు రోజులు.

నీ ఉత్తరం టోమష్ చదువుతుంటే విన్నాను. సిమెంటు ఇల్లన్నావు, సరే. షహ్బా అన్నావు, సరే. "మంచినీళ్లయినా ఇవ్వలేదు" దగ్గర మాత్రం చదవడం ఆపమన్నాను. అది నిజం తల్లీ. దాంతో ఏ గదిలో పడుకున్నా నాకు నిద్ర పట్టదు.

అందుకని ఆయన అడుగులు పట్టుకుని బయల్దేరాను. ఎడమ మడమ అరిగిన బూటు, గుర్తుపట్టడం తేలికే. హైవే దాకా వెళ్లాను. తారు మీద అడుగులు పోయాయి. తల పట్టుకుని కూర్చుంటే టోమష్ అన్నాడు, "తాతా, ఆ పేరు ఉత్తరముననే కలదు కదా" అని. బస్సెక్కాం.

రాజధానిలో ఆయన ఇల్లు మూడో అంతస్తు. తలుపు తీసి నన్ను చూడగానే ఆయన మొహం మాడిపోయింది. అయినా లోపలికి రమ్మన్నాడు, మంచి ఇల్లే. ఆయన భార్య కాఫీ తెచ్చింది. నేను తాగలేదు. నిండు ఫింజాన్ కింద పెట్టాను.

ఆయన వాళ్ల తాత కూడా గుడారం మనిషేనట. ఫింజాన్ వంక చూసి ఎదురుగా కూర్చున్నాడు. "బాబాయ్, అది మాత్రం అడగొద్దు. రిపోర్టు మంత్రిగారి దగ్గరికి పోయింది. దారి ఇక నా చేతుల్లో లేదు" అన్నాడు.

"నేనింకా ఏమీ అడగలేదుగా" అన్నాను.

"మరి తాగు."

"నువ్వు అనాల్సింది అనలేదుగా."

కాఫీ చల్లారిపోయింది. ఆయన భార్య గుమ్మంలోంచి గట్టిగానే అంది, "ముసలాయన్ని ఎంతసేపు కూర్చోబెడతారు? అనండి!" అని. అప్పుడన్నాడు, "తాగు బాబాయ్, నీ పని అయిపోయినట్టే" అని. తాగాను. తాగి అడిగాను.

గుడారం అడగలేదు తల్లీ. ఒట్టు. నా గుమ్మంలోంచి గొంతు తడవకుండా పోయావు, వచ్చి మూడు రోజులూ మూడో వంతూ నా అతిథిగా ఉండు, ఆ మచ్చ పోయాక ఏ గోడ ఎదుట పడేసినా కూర్చుంటాను అన్నాను.

ఇప్పుడు ఈ ఉత్తరం రాస్తున్నది ఆయనే. మొన్న మధ్యాహ్నం వచ్చాడు. నిన్న మేకపిల్లని కోశాను. ఇసుకలో రొట్టె కాల్చాను. మూటలు సగం కట్టాను, మిగతా సగం ఈయన వెళ్లాక. పొయ్యి చల్లారకుండా ఉంది.

నీ తాత సువైలిం

తా.క. (లేఖకుని హస్తం) అమ్మాయి తుర్ఫాకి, దారి మూత తప్పదు. నేనేమీ చేయలేను, చేయను కూడా. నా టోపీ దొరికింది, మేక కొంత తినేసింది. మీ తాతగారి లెక్క ప్రకారం మూడు రోజులూ, మీద మూడో వంతూ రేపు రాత్రి ఎనిమిదింటికి పూర్తవుతాయి. నా ఆఫీసు మూడింటికి మూస్తారు. ఉదయం నుంచి నలభై ఒకటో ఫింజాన్ ఇది. ఊపడం నాకు తెలుసు. ఇంకా ఊపలేదు.