సగం ఇంటి ఓనరమ్మ

ఏలియన్నా, నస్పూర్‌ల మేం మంచిగనే ఉన్నం. నువ్వు ఫోన్ ఎత్తుతలేవని కార్డు రాస్తున్న.

ఇల్లు కొందామని మీ బావ, నేను బ్యాంకుకు పోయినం. మొదటిసారి కొనేటోళ్లకు రాయితీ ఉంటదట. సారు నా పేరు కంప్యూటర్ల కొట్టి, "హుజూరాబాద్‌ల మీకు ఇల్లున్నది గదమ్మా, రాయితీ రాదు" అన్నడు. బాపు మనిద్దరి పేర్ల మీద రాసిన ఇల్లే అది. ఎప్పుడొచ్చినా వదినె నన్ను వంటింట్ల పండవెడ్తది, సగం నాదని నాకెట్ల యాదికుంటది? గప్పటిసంది మీ బావ "ఓనరమ్మా, చాయ్ పెట్టాల్నా" అని అడుగుతుండు.

నా సగం నీకు రాసిస్తే రాయితీకి మళ్ల అడగొచ్చట. వచ్చే వారం రాసియ్యనీకి వస్తున్న. బర్రె ఈనిందా? జున్నుపాలు జర దాచుండ్రి. సంతకం పెట్టేదాక సగం నాదే గనుక, ఆ రాత్రి ఫ్యాన్ కింది మంచం నాకే వెయ్యుమని వదినెకు చెప్పు.

పిల్లలకు ముద్దులు. ప్రభువు మిమ్ముల సల్లగ సూడాలె.

నీ చెల్లె స్తుతి