అక్క అజేలియాకు సరిపోయిన తొట్టి

అక్కా,

నీ బోన్సాయ్ అజేలియా ఈ ఉదయం ఆరున్నరకు పూసింది. చచ్చిపోయిందని బావగారు చిలకలూరిపేటంతా చెప్పిన మొక్కే ఇది.

నువ్వు చనిపోయిన నెలకే ఆయన దాన్ని పెద్ద సిమెంటు కుండీలోకి మార్చి, నిండా నల్లరేగడి పోయించారు. "పళ్లెమంత తొట్టిలో చెట్టేం బతుకుద్దిరా? రేగడి పడితే ఏపుగా పెరుగుద్ది, చూడు" అన్నారు. రేగడి నీళ్లను పట్టి ఉంచింది. ఆకులు పసుపురంగుకు తిరిగాయి, వేళ్లు కుళ్లాయి. పీకి గోడ అవతల పారేశారు.

నేను తెచ్చుకున్నాను. కుళ్లు కోసేసి, మిగిలిన వేళ్లకు కాస్త చోటు మాత్రమే ఉండే లోతులేని తొట్టిలో, నువ్వు చేసినట్టే ఆకుమట్టి, గరుకు ఇసుక కలిపి నాటాను. సున్నం ఎక్కువుండే బావినీళ్లు దీనికి పడవు, తగలనివ్వలేదు. పట్టి ఉంచిన వాననీళ్లే పోశాను.

నువ్వుండగా ప్రతి ఏడూ పూల ప్రదర్శనలో దీనికి ఆయన తన పేరే రాయించుకున్నారు. "నలుగురిలో ఆడదాని పేరెందుకే?" అని నీతో అన్నది నేను మరిచిపోలేదు. ఈసారి తొట్టికి కట్టే చీటీ మీద నీ పేరు రాయించాను. ఆయనకింకా తెలియదు.

ప్రదర్శనలో ప్రతి మొక్కనూ పెంచినవాళ్ల పేరు అధ్యక్షుడే మైకులో చదవాలి. ఈ ఏడు అధ్యక్షుడు బావగారే. ఆదివారం సాయంత్రం ఐదింటికి, గుంటూరులో. నేను ముందు వరసలో కూర్చుంటాను.